నత్తగుల్లల కూర

విజయ ల్యాబ్ నుంచి ఇంటికి వచ్చేసరికి వెనక వాకిట్ల పనిమనిషి గంగవ్వ ఫినాయిల్ పోసి బండ తోముతున్నది. బట్టలుతికే బండ. పొద్దున్నే ఒకసారి కడిగిన బండే. ఇంటామె ఇందిరాదేవి పక్కన కుర్చీ వేసుకొని, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, "గా మూలకు చూడు, ఇంకో చెంబెడు పొయ్యి" అని చెప్తున్నది.

పైపోర్షన్‌కు పోయే మెట్ల మీద విజయ తల్లి లచ్చవ్వ కూర్చొని ఉన్నది. కాళ్ళ నడుమ నీలం బకెట్, దాని మీద తడి గోనెసంచి. లచ్చవ్వ చేతులకు మోచేతుల దాకా బురద అంటి, అక్కడక్కడ ఎండి పొలుసులు లేస్తున్నది.

"ఎప్పుడచ్చినవే అవ్వా?"

"పన్నెండు గొట్టంగ. మల్లాపూర్ బస్సుకు" అన్నది లచ్చవ్వ. గోనెసంచి కింద ఏదో మెల్లగ కదిలి, బకెట్ అంచుకు టక్కుమని తాకింది.

విజయకు అర్థమైంది. నాట్లు మొదలైనయి. పొలాలల్ల నీళ్ళు పెట్టిండ్రు. తల్లి నత్తగుల్లలు ఏరుకొచ్చింది.

"విజయా, ఇటు రా" అని పిలిచింది ఇందిరాదేవి. "మీ అమ్మకు నువ్వు చెప్పద్దా? గీ నత్తలు తెచ్చి మా నల్లా కాడ కడుగుడేంది? దేవునికి నీళ్ళు పట్టుకునే నల్లా అది. నేను నీసు వద్దంటలేను. మేం తింటం, మీరు తింటరు. మేకకూర వండుకో, కోడికూర వండుకో, ఎవరన్న కాదన్నరా? గని గివి..." ఆమె మాట అక్కడ ఆపి చెయ్యి ఊపింది. "మీరేంటోళ్ళు, ఏం కులమోళ్ళు అని గూడ అడగకుండ ఇల్లు ఇచ్చినం. గది యాదుంచుకుంటే చాలు."

"సారీ ఆంటీ" అన్నది విజయ.

లచ్చవ్వ తల ఎత్తి బిడ్డ మొఖం చూసింది.

పైకి పోయినంక, బకెట్ వంటింటి గడప కాడ దించుకుంట లచ్చవ్వ అడిగింది: "సారీ అంటే ఏంది బిడ్డా? తప్పయిందన్నట్టా?"

"ఊకోవే అవ్వా."

"నేనేం తప్పు చేసిన?"

విజయ హ్యాండ్‌బ్యాగ్ కొక్కానికి తగిలించి, మొఖం కడుక్కొని వచ్చింది. తల్లి అక్కడే నిలబడి ఉన్నది. "ఇయ్యాల ఇవి వండద్దు అవ్వా. వాసన కిందికి పోతది."

"వాళ్ళు మేకకూర వండితే పైకి అత్తలేదా వాసన?"

విజయకు కోపమొచ్చింది. కోపంలనే బకెట్ అందుకున్నది. స్కూటీ ముందర కాళ్ళ కాడ పెట్టుకొని, గోనెసంచి జారకుండ మోకాళ్ళతోటి ఒత్తిపట్టి, ఊరవతల వాగు దాకా పోయింది. బకెట్ బోర్లించింది. గుల్లలు నీళ్ళల్ల బుడుంగుమని పడ్డయి. రెండు మూడు మాత్రం బకెట్ అడుగును కరుసుకొని రాలేదు. వేళ్ళతోటి పీకాల్సి వచ్చింది. పీకుతుంటే ఒక్కొక్కటి ఎంత గట్టిగ పట్టుకున్నదో చేతికి తెలిసింది.

తిరిగి వచ్చేసరికి ఎనిమిదో తరగతి చదివే బిడ్డ ప్రీతి ఒక్కతే ఉన్నది.

"అమ్మమ్మ పోయింది" అన్నది ప్రీతి. "అన్నం తినుమన్న. వద్దన్నది. నీళ్ళు గూడ తాగలేదు."

విజయ మొగడు ప్రభాకర్ డ్యూటీ దిగి వచ్చినంక సంగతంతా విన్నడు. సిరిసిల్ల బస్సు మీద కండక్టర్ అతను. పొద్దంతా నిలబడి కాళ్ళు వాసి, బకెట్ నీళ్ళల్ల పెట్టుకొని కూర్చున్నడు.

"మంచి పనే చేసినవ్. గీ ఇల్లు పోతే మల్ల ఎన్ని గడపలు తిరగాలె? ప్రీతి బడి పక్కనే ఉన్నది" అన్నడు. కొంచెం ఆగి, "అత్త తిని పోతే మంచిగుండు" అన్నడు.

విజయ ఆ తర్వాత నాలుగు రోజులు తల్లికి ఫోన్ చేయలేదు. తల్లి కూడా చేయలేదు.

మంగళవారం పొద్దున ఇందిరాదేవే పిలిచింది. సార్‌కు రక్తం తీయాలట. ల్యాబ్‌కు పోయేటట్టు లేడట.

ఇందిరాదేవి భర్త శ్రీనివాస్ రావు మంచం మీద పక్కకు ఒరిగి పడుకొని ఉన్నడు. నడుం కింద గాలి దిండు. మొఖం పాలిపోయి ఉన్నది. మొలల బాధ. కరీంనగర్ డాక్టర్ ఆపరేషన్ చేయాలన్నడని, సార్ భయపడుతున్నడని గంగవ్వ ఎప్పుడో చెప్పింది. విజయ ఆయన చెయ్యి తీసుకొని, జబ్బకు రబ్బరు పట్టీ కట్టి, మోచేతి మడత కాడ వేలితోటి నొక్కి నరం వెతికింది. దూదితోటి తుడిచి సూది పెట్టింది.

"నీ చెయ్యి చానా తేలిక విజయా. సూది పెట్టినట్టే తెల్వలే" అన్నడు శ్రీనివాస్ రావు.

ఇందిరాదేవి తలాపున నిలబడి చూస్తున్నది. విజయ వేళ్ళు ఆయన చేతి మీద ఉన్నయి. ఇందిరాదేవి కొంగు ముక్కు మీద లేదు. ఆ సంగతి విజయకు మెట్లు ఎక్కుతుంటే తట్టింది. సగంల ఆగి, చేతిల ఉన్న రక్తం సీసా దిక్కు చూసుకున్నది.

హిమోగ్లోబిన్ ఎనిమిదిన్నరే వచ్చింది. రిపోర్టు తెచ్చి ఇందిరాదేవి చేతికిచ్చింది.

గురువారం మాపటీలి ఇందిరాదేవి పైకి వచ్చింది. విజయోళ్ళు ఆ ఇంట్లకు వచ్చి మూడేండ్లు, ఆమె మెట్లెక్కింది అదే మొదటిసారి. ఆయాసపడుకుంట లోపలికి వచ్చి, తలుపు తనే దగ్గరికి వేసింది. విజయ కుర్చీ జరిపితే కూర్చోలేదు.

"ఏం లేదు. ఒక మాట" అన్నది. గొంతు తగ్గించింది. "సార్‌కు ఆపరేషనంటే పానం పోతున్నది. ధర్మపురిల మా వాళ్ళకు ఎరుకున్న ఒకాయన చెప్పిండు. నత్తల కూర పెడితే మొలలు కరుగుతయట. రక్తం గూడ పడుతదట."

స్టవ్ మీద పాలు పొంగుతున్నయి. విజయ పోయి మంట తగ్గించి వచ్చింది.

"మీ అమ్మకు ఫోన్ చేసి తెప్పియ్యి. పైననే వండు. తలుపులు వేసుకొని వండు. టిఫిన్ డబ్బల పెట్టి గుడ్డ కప్పి నాకియ్యి. ఆదివారమైతే మా కోడలు ప్రణీత పుట్టింటికి జగిత్యాల పోతది. ఎవ్వరికి తెల్వద్దు. గంగవ్వకు గూడ చెప్పకు."

"మా అవ్వ మొన్న తెచ్చినయి గవే ఆంటీ."

"అది వేరే, ఇది వేరే. ఇది మందు గదా."

"మేం గూడ మందు లెక్కనే తింటున్నం అంటే కడగనిస్తుంటిరా?"

ఇందిరాదేవి మొఖంల ఏదో బిగుసుకున్నది. "మాటలు పెంచకు విజయా. పెద్ద మనిషి పానానికి సంబంధించింది."

"పానానికి సంబంధించిందైతే డాక్టర్ మాట వినాలె ఆంటీ. రక్తం ఎనిమిదిన్నరే ఉన్నది. నేనే చూసిన. గుల్లలు తింటే మొలలు పోతయని నేను చెప్ప. ఆపరేషన్ మానద్దు."

"అది మేం చూసుకుంటం. నువ్వు తెప్పిస్తవా, లేదా?"

విజయ తడి చేతులు చున్నీకి తుడుచుకున్నది. ఒక వేలు, ఇంకో వేలు. గొంతుల సారీ అన్న మాట తయారుగ ఉన్నట్టే ఉన్నది. అది వచ్చేలోపల వేరే మాట వచ్చింది.

"తెప్పిస్త. ఆదివారం వండుత. గని డబ్బల పెట్టి పంప ఆంటీ. సార్‌కు తినాలని ఉంటే పైకి రమ్మనుర్రి. మాతోటి కూసొని తింటడు."

"ఏమన్నవ్?"

"ఇంకోటి. పైన నీళ్ళు సరిపోవు. గుల్లలకు నాలుగు నీళ్ళు కావాలె. కింద నల్లా కాడనే కడుగుతం. బండ మీదనే."

ఇందిరాదేవి తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసింది. "నీకు ఈ ఇల్లు అక్కర లేనట్టున్నది."

"అక్కరున్నది ఆంటీ. ఖాళీ చెయ్యమంటే మాత్రం చేస్తం. గని ఉన్నన్ని రోజులు మా పొయ్యి మీద మేం తినేదే వండుకుంటం."

ఇందిరాదేవి తలుపు తీసుకొని దిగిపోయింది. ఆమె అడుగుల చప్పుడు ఆగినంక విజయ వంటింటి గట్టు పట్టుకొని నిలబడ్డది. పాలు మళ్ళ పొంగి స్టవ్ ఆరిపోయింది.

తల్లికి ఫోన్ కలిపింది. లచ్చవ్వ ఎత్తి, "చెప్పు" అన్నది. అంతే.

"అవ్వా, గుల్లలు దొరుకుతున్నయా?"

లచ్చవ్వ పొలం కాడ ఉన్నట్టున్నది, ట్రాక్టర్ చప్పుడు వినపడుతున్నది.

"మొన్నటియి వాగుల పారబోసినవట గదా. ప్రీతి చెప్పింది."

"పారబోసిన."

"మల్లేంది?"

"తప్పయిందే అవ్వా." ఈసారి ఆ మాట తెలుగులనే వచ్చింది. "నాకు తినాలనున్నది. కింద సార్‌కు గూడ కావాల్నట. మందుకు."

లచ్చవ్వ నవ్వింది. అంత పెద్దగ నవ్వుతుందని విజయ అనుకోలేదు. ఫోన్ చెవికి దూరం పెట్టాల్సి వచ్చింది. "గా ఇంటామెను రమ్మను. చీర ఎగజెక్కి పొలంల దిగుమను. వంగి ఏరితె ఎట్లుంటదో తెలుత్తది." నవ్వు ఆపి, "నువ్వు తింటనంటే తెత్త. మందుకైతే తేను" అన్నది.

"నేను తింట."

శనివారం పొద్దుగూకేసరికి లచ్చవ్వ వచ్చింది. ఈసారి రెండు సంచులు. ఒకదాంట్ల గుల్లలు, ఇంకోదాంట్ల రెండు కట్టలు పుంటికూర. గుల్లలు తెల్లారేదాక మంచి నీళ్ళల్ల ఉంటే కడుపుల మట్టి కక్కుతయని బకెట్ల పోసి, పైన జల్లెడ బోర్లించి, జల్లెడ మీద రాయి పెట్టింది.

ఆదివారం ప్రభాకర్‌కు డ్యూటీ. పొద్దున్నే బ్యాగ్ వేసుకుంట, "లొల్లి అయితదేమో" అన్నడు. విజయ అతని డబ్బల ఇడ్లీలు సర్ది, "అయితే కానీ. నీకు కూర తీసిపెడుత" అన్నది. అతను మెట్ల కాడి దాక పోయి, వెనక్కి తిరిగి, "జెర ఎక్కువనే తీసిపెట్టు" అని దిగిపోయిండు.

ఎనిమిదింటికి ఇద్దరూ బకెట్ కిందికి దించిండ్రు. రాత్రంత ఊరిన నీళ్ళు నల్లగ అయినయి. వాటిని మోరిల పారబోసి, విజయ నల్లా తిప్పింది. లచ్చవ్వ బండ మీద గుల్లలు పోసి, గుప్పెడు దొడ్డు ఉప్పు చల్లి, రెండు అరచేతులతోటి ఒకదానికొకటి రాసింది. గలగలమని చప్పుడు. పాకర వదిలి, గుల్లల మీద ఆకుపచ్చ పోయి గోధుమ రంగు తేలింది. ఒక నీళ్ళు, రెండు నీళ్ళు. ఇందిరాదేవి వంటింటి కిటికీ కాడికి వచ్చి నిలబడ్డది. సార్ కోసమే ఇయ్యాల అడ్డం చెప్తలేదని విజయకు తెలుసు.

గంగవ్వ గిన్నెలు తోముకుంట ఓరకంట చూస్తున్నది. మూడో నీళ్ళకు లేచి వచ్చి లచ్చవ్వ పక్కన కూర్చున్నది. బండను ఫినాయిల్‌తోటి తోమిన చేతులే. గుల్లలు అందుకొని రుద్దుడు మొదలుపెట్టింది.

"మొన్నటి పనికి నా మీద కోపం చెయ్యకు అక్కా. చెప్పిన పని చేసిన" అన్నది.

"నీ మీద ఎందుకు కోపం" అన్నది లచ్చవ్వ. "గీ చచ్చినయి తీసెయ్యి. మూత లోపలికి పోనిదంత మంచిది గాదు. వాసన చూడు."

"నాకింత పెడుతరా? మా ఇంట్ల వండక రెండేండ్లాయె."

"గిన్నె తెచ్చుకో" అన్నది విజయ, కిటికీకి వినపడేటట్టే.

పైన గంజుల నీళ్ళు మసలుతున్నయి. గుల్లలు పోసి మూత పెడితే కొంచెంసేపటికి నురుగు పొంగింది. దించి, వార్చి, చల్ల నీళ్ళు పోసి, చాటల కుప్ప పోసిండ్రు. ఇంటికున్న పిన్నీసులన్నీ ప్రీతి వెతికి తెచ్చింది. లచ్చవ్వ ఒక గుల్ల తీసుకొని, నోటి కాడి పెంకు గోటితోటి ఎగరేసి, పిన్నీసు గుచ్చి మెల్లగ తిప్పింది. మాంసం గుల్ల లోపల ఎట్ల తిరిగి ఉన్నదో అట్లనే తిరుక్కుంట బయటికి వచ్చింది. విజయ గుంజితే తెగింది.

"గుంజకు. తిప్పు. మర్చినవా?"

"మర్చిన."

"చిన్నప్పుడు అందరికంటే నువ్వే జల్ది తీస్తుంటివి."

నాలుగైదు తెగినయి. ఆ తర్వాత చేతికి తనంతల తనే వచ్చింది. తోక కాడి నల్లటి కడుపును లచ్చవ్వ వేలితోటి తుంపి అవతల పడేస్తున్నది. అది ఉంటే చేదు, ఇసుక. మిగిలిన మాంసానికి పసుపు, ఉప్పు, బియ్యప్పిండి పట్టించి పిసికింది. "చేతులకెల్లి జారుతున్నదంటే జిగురు ఇంకా ఉన్నట్టు" అన్నది ప్రీతితోటి. ప్రీతి ముందు మొఖం చిట్లించుకొని, తర్వాత చెయ్యి పెట్టింది. మూడుసార్లు పిండి మార్చినంక జారుడు తగ్గింది.

"కుక్కర్ల పెడుదామా?" అన్నది విజయ.

"కుక్కర్ల పెడితే రబ్బరైతది. గంజు పెట్టు. మంట తగ్గియ్యి."

నూనెల ఉల్లిగడ్డ ఎర్రగ వేగినంక అల్లం ఎల్లిగడ్డ, పసుపు, రెండు గంటెల కారం. గుల్ల మాంసం వేసి కలిపితే అది తన నీళ్ళు తనే విడిచింది. ఆ నీళ్ళు ఇగిరేదాక లచ్చవ్వ పొయ్యి కాడి నుంచి కదలలేదు. ధనియాల పొడి, ఏంచి దంచిన ఎండుకొబ్బరి కుడుక వేసి, ఆఖరుకు పుంటికూర తుంపి వేసింది. పులుపు తగిలిన ఘాటు ఒక్కసారి ఇల్లంత లేచింది.

విజయ చెయ్యి అలవాటుగ కిటికీ రెక్క మీదికి పోయింది. మూయబోయి, ఆగి, రెండు రెక్కలూ గోడకు ఆనేదాక తెరిచింది. ముందర తలుపు కూడా బార్లా తీసి, కొట్టుకోకుండ చెప్పు అడ్డం పెట్టింది.

ఒంటి గంటకు చాప వేసి కూర్చున్నరు. జొన్నరొట్టెలు గుడ్డల చుట్టి నడుమ పెట్టిండ్రు. గంగవ్వ గిన్నె నింపి ఇచ్చినంక అది కొంగు కప్పుకోకుండనే పట్టుకపోయింది. విజయ మొదటి గంటె తల్లి పల్లెంల వేసింది.

అప్పుడు మెట్ల మీద అడుగులు వినపడ్డయి. ఒక్కొక్క మెట్టుకు ఆగి ఆగి. తలుపుల శ్రీనివాస్ రావు నిలబడ్డడు. చంకల గాలి దిండు.

విజయ శరీరం తనంతట తనే లేవబోయింది. లచ్చవ్వ ఆమె మోకాలి మీద చెయ్యి పెట్టింది. "కూసో" అన్నది. తను కూడా లేవలేదు. రొట్టె తుంపుకుంట తలుపు దిక్కు చూసి, "రా. చాప మీద జాగ ఉన్నది" అన్నది. ‘మీరు’ అనలేదు, ‘దొరా’ అనలేదు.

శ్రీనివాస్ రావు చెప్పులు విడిచి లోపలికి వచ్చిండు. దిండు కింద పెట్టి, గోడ పట్టుకొని, పండ్లు బిగబట్టి మెల్లగ కూర్చున్నడు. ప్రీతి ఆయన ముందర పల్లెం పెట్టింది.

"చిన్నప్పుడు పొలం కాడ కైకిలి పనోళ్ళ సద్దిల ఇవే తిన్న ఒకసారి. మా నాయిన చేతుల దెబ్బలు గూడ తిన్న" అన్నడు, ఎవరి దిక్కూ చూడకుండ.

"పెట్టిన మనిషికి ఎన్ని పడ్డయో?" అన్నది లచ్చవ్వ.

శ్రీనివాస్ రావు వేళ్ళు పల్లెం అంచు మీద ఆగిపోయినయి.

విజయ ప్రీతికి వేసింది. తనకు వేసుకున్నది. గంటె ముంచి ఆయన పల్లెం దిక్కు జరిపింది. అప్పుడే కింద గేటు చప్పుడైంది. ఎవరో మగమనిషి గొంతు, "రావు సాబ్ ఉన్నరా?" అని. వెంటనే ఇందిరాదేవి గొంతు: "రండ్రి రండ్రి. పైన ట్యాంకు చూడబోయిండు, ఇప్పుడే వస్తడు."

తలుపు బార్లా తీసి ఉన్నందుకు ప్రతి మాట స్పష్టంగ వినపడుతున్నది.

"ఏమండీ! ట్యాంకు నిండిందా?" మెట్ల కింద నుంచి ఇందిరాదేవి గట్టిగ అడిగింది.

శ్రీనివాస్ రావు వేలు పెదవుల మీద పెట్టుకొని అందరి దిక్కు చూసిండు. ప్రీతి నములుడు ఆపింది. లచ్చవ్వ ఆపలేదు.

విజయ గంటె పల్లెం మీద జానెడు ఎత్తున ఆగింది. కూర పులుసు బొట్టు బొట్టుగ గంజులకు కారుతున్నది.

"ఆంటీ అడుగుతున్నది సార్" అన్నది విజయ. "చెప్పుర్రి."

"విజయా..." అన్నడు ఆయన, గొంతు తగ్గించి. "మనుషులున్నరు కింద."

"పైన గూడ ఉన్నరు సార్."

ఆయన ఖాళీ పల్లెం దిక్కు చూసుకున్నడు. లచ్చవ్వ దిక్కు చూసిండు. ఆమె రొట్టె ముక్కతోటి పల్లెంల పులుసు ఊడ్చుకుంటున్నది, ఈయన ఏం చెప్తే ఏంది అన్నట్టు.

"ఏమండీ, వినపడుతలేదా?"

శ్రీనివాస్ రావు గొంతు సవరించుకున్నడు. "ట్యాంకు కాడ లేను. విజయోళ్ళింట్ల ఉన్న. అన్నం తింటున్న."

విజయ గంటె కదలలేదు.

"ఏం కూరనో చెప్పలేదు సార్."

ఆయన నుదుటి మీద చెమట పట్టింది. తలుపు దిక్కు తిరిగి, మొదటిదానికంటే గట్టిగ, దాదాపు అరిచినట్టే అన్నడు: "నత్తగుల్లల కూర!"

కింద కుర్చీ జరిగింది. తర్వాత ఇందిరాదేవి గది తలుపు పడ్డ చప్పుడైంది. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చెయ్యమంటదేమో అనుకున్నది విజయ. అనుకొని, గంటె నిండా కూర ఆయన పల్లెంల వేసింది. రొట్టె ఒకటి తీసి పక్కన పెట్టింది.

శ్రీనివాస్ రావు పెద్ద ముద్ద నోట్ల పెట్టుకొని గబగబా మింగబోయిండు.

"మెల్లగ" అన్నది లచ్చవ్వ. "నమిలి తిను. నమిలితేనే రుచి."

ఆయన నమిలిండు.